రెండో గేరులోంచి వెనక్కి

పోయినవారం మేమిద్దరం మొయినాబాద్ పాత బండ్ల యార్డులో, అద్దంలా మెరిసే నల్ల పికప్పు దగ్గర ఉన్నాం. స్టీరింగ్ దగ్గర మా ఆయన జయరాజ్, కిటికీ పక్కన నేను. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మీంచి మెల్లగా కాలు తియ్యమన్నాను. క్లచ్ గట్టిదైతే ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. అది ఆగలేదు. తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. యార్డు అతని నవ్వు మాత్రం ఆగిపోయింది. క్లచ్ ప్లేటు అరిగిపోయిన బండికి పైన ఎంత పాలిష్ పెడితే ఏం లాభం? అతను తెప్పించిన టీ చల్లారకముందే బయటికి వచ్చేశాం.

గేటు దాటాక జయ్ నా వైపు తిరిగి, "తన్వీ, నీ వీడియోల చదువు పనికొచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను సురంగల్ దాకా బైకు వెనక సీటు మీద కాకుండా గాల్లోనే కూర్చుని వచ్చాను. పెళ్లై రెండు నెలలు కూడా కాలేదు మరి. ఇంకా ప్రతి మెచ్చుకోలూ కొత్త చీర మడత విప్పినట్టే ఉంటుంది.

ఇల్లు కనబడగానే అసలు సంగతి గుర్తొచ్చి కిందికి దిగాను.

మా చేలో చామంతికి మొగ్గ పడింది. పొద్దు పొడుస్తూనే కోసిన పూలు ఎండెక్కకముందే గుడిమల్కాపూర్ మార్కెట్ చేరాలి. నిరుటిదాకా మా పూలు మోసిన వ్యాన్ అతను ఈ ఏడు కొండకల్ కోచ్ ఫ్యాక్టరీ పనికి బండి పెట్టేసుకున్నాడు. పూలు కదిలే వేళకి జయ్ దొంతన్‌పల్లి బస్సెక్కాలి, యూనివర్సిటీ ల్యాబులో ఉద్యోగం. మా మామయ్య మారయ్య గారికి ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వదు. ఇక మిగిలింది నేను. నాకు డ్రైవింగ్ వచ్చు, కానీ మా నాన్న కారులో నేర్చుకున్నాను. ఆ కారులో గేర్లు వాటంతట అవే పడతాయి. అలాంటి పికప్పే వెతుకుదామని ఒకసారి అన్నాను కూడా. ఈ చుట్టుపక్కల పాతవాటిల్లో ఒక్కటీ దొరకలేదు. దొరికినా వద్దన్నారు మామయ్య. గేరు బండైతే చేవెళ్ల రోడ్డు మీద ఏ షెడ్డు ముందు ఆగిపోయినా ఎవరో ఒకరు చేసిస్తారట, ఇంకోటైతే సిటీ నుంచి మనిషి వచ్చేదాకా పూలు వాడిపోవాలట.

అందుకే ఆయన రెండు షరతులు పెట్టారు. బండి నమ్మదగ్గది కావాలి, నడిపే మనిషి ఇంటి మనిషే కావాలి. ఆదివారం లోపు రెండూ కుదరకపోతే, సోమవారం ఫామ్‌హౌస్ అతను వచ్చినప్పుడు చేను కౌలుకిస్తానని మాట ఇచ్చేస్తారు. అతను అక్కడ పచ్చగడ్డి పరిచి ఊయలలు కడతాడట. అత్తమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ చేలో చామంతే పూస్తోంది. ఆ సంగతి విన్నాక కూడా అత్తమ్మ మొగ్గల మధ్య కలుపు తీస్తూనే ఉంది.

*

చేవెళ్ల బండి నా ఫోన్‌లో కనబడింది. మధ్యరకం పికప్పు. ముందు రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి. తెల్లటి రంగు. అమ్మేది అనంతయ్య అని ఒక కూరగాయల రైతు. ఫోటో చూపించగానే మామయ్య ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

"రంగు మార్చిన బండి నాకొద్దు."

ఫోటో ఎంత పెద్దది చేసి చూసినా రంగు మార్చిన గుర్తు నాకు ఎక్కడా కనబడలేదు. అయినా ఆదివారం దగ్గరపడింది. వేరే బండి లేదు. జయ్ బతిమాలాడు, నేను బతిమాలాను. చివరికి అత్తమ్మ, చూస్తే ఏం పోతది, చూసి రాండ్రి అంది. తనూ వస్తానంది. మామయ్య ఆమెను ఒకసారి చూసి, చెప్పులు వేసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే, ఫోన్ చెయ్యకుండా వెళ్లాం. అది నా పట్టుదల. ముందే చెబితే అమ్మేవాళ్లు ఇంజన్ వేడి చేసి ఉంచుతారు. వేడి ఇంజన్ తన చెడు అలవాట్లన్నీ దాచేస్తుంది. అనంతయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చేసరికి నేను అప్పటికే బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. రాత్రి మంచు ఇంకా దాని మీదే ఉంది. చల్లగా, హాయిగా. ఒక బండిని చూసి అంత ముచ్చటపడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. ముందు కొంచెం నల్ల పొగ వచ్చి, వెంటనే తేలిపోయింది. నీలం పొగ వస్తే ఇంజన్ నూనె తాగుతున్నట్టు. అది రాలేదు. చర్చి చీర పాడవుతుందని అత్తమ్మ ఒక గోనెపట్టా పరిస్తే దాని మీద వెల్లకిలా పడుకుని కింద కూడా చూశాను. స్ప్రింగు పట్టీలు రెండు వైపులా సమంగా ఉన్నాయి. తొట్టి మూలల్లో తుప్పు ఉంది కానీ తాళంచెవితో పొడిస్తే లోపలికి దిగలేదు. నీళ్లు కారే సరుకు మోసినట్టుంది అన్నాను. పూలేమో అని కూడా అన్నాను. మామయ్య అటు తిరిగి టైర్లు చూడసాగారు.

మూడో గేరు పరీక్ష పెడితే ఇంజన్ మర్యాదగా ఆగిపోయింది. జయ్ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. సైడు అద్దంలో మా ఇద్దరి ముఖాలూ పట్టాయి. అంత చిన్న అద్దంలో ఇద్దరం పట్టడం నాకు శుభశకునంలా తోచింది. ఆ మాట పైకి అనలేదులెండి.

అనంతయ్య తనంతట తానే లోపాలు చెప్పుకుంటూ వచ్చాడు. ముందు ఎడమ టైరు లోపలి వైపు అరిగిందన్నాడు. హారన్ దానికి బుద్ధి పుట్టినప్పుడే మోగుతుందన్నాడు. తన కొడుకు బెంగళూరులో స్థిరపడ్డాడు, తనకిక సాగు చేసే ఓపిక లేదు, అందుకే అమ్ముతున్నానన్నాడు. నాకు ఆయన నచ్చాడు.

రెండు సంగతులు మాత్రం అప్పుడు నేను చూసి కూడా చూడలేదు. అత్తమ్మను చూడగానే అనంతయ్య వేపపుల్ల తీసేసి, "బాగున్నవా పద్మక్కా" అన్నాడు. ఇంకేదో అనబోయి, మామయ్య ముఖం చూసి ఆగిపోయాడు. మార్కెట్ పరిచయం అనుకున్నాను. ఇంకొకటి, వెనక ఎడమ తలుపు. జయ్ ఎంత గుంజినా అది రాలేదు. అత్తమ్మ వచ్చి పిడిని కొంచెం పైకి లేపి లాగింది. తలుపు తెరుచుకుంది. సంచీ ఒళ్లో పెట్టుకుని లోపల కూర్చుంది.

నడిపి చూసుకొమ్మని తనూ సురంగల్ దాకా బయల్దేరిన అనంతయ్య, బండి కదిలేముందు అలవాటుగా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. అంతలో మాది చర్చి ఇల్లని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. అత్తమ్మ నవ్వుతూ దిగి నాలుగూ ఏరి సంచీలో వేసుకుంది.

"దేవుడు కాయించిన కాయలు, టైర్ కింద ఏంటికన్నా? షర్బత్ చేస్త, నువ్వు గూడ తాగు."

*

ఆ రోజు మా సురంగల్ చర్చిలో పంటల పండుగ. గుమ్మానికి రెండు వైపులా జొన్న కంకులు, చెరుకు గడలు. లోపల పీట మీద కొత్త బియ్యం, గుమ్మడికాయలు, క్యారెట్లు, ఒక బుట్టలో ఎవరింటివో కోడిగుడ్లు. నాకు ఇది మొదటి పంటల పండుగ. మా పుట్టింట్లో వినాయకుడికి ఉండ్రాళ్లు, ఇక్కడ పీట మీద గుమ్మడికాయలు. రెండు చోట్లా కృతజ్ఞతకి తిండి వాసనే. నాకు రెండూ ఇష్టమైపోయాయి.

ఆరాధన అయ్యాక అర్పణలన్నీ వేలం పాడతారు. పాడుకున్నవాళ్ల ఇళ్లకు సరుకు చేర్చాలి. ఎప్పుడూ ట్రాక్టర్ పెట్టేవారట. ఈసారి ఆ పని ఈ బండికి పెట్టమని మామయ్యే అన్నారు. ఖాళీ బండి అందరికీ మంచిదే, బరువు మోసినప్పుడే దాని గుణం తెలుస్తుందని ఆయన లెక్క. నాకు ఆ లెక్క నచ్చింది. తిరస్కరించడానికి ఒక కారణం వెతుకుతున్నారేమోనన్న అనుమానం మాత్రం అప్పుడు రాలేదు.

దానికి ముందు ఇంకో పని ఉంది. ఈ ఊళ్లో బైకు కొన్నా, ట్రాక్టర్ కొన్నా చర్చి గోడకు ఎదురుగా నిలబెడతారు. పాస్టర్ సుకుమార్ అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. కొనని బండికి ప్రార్థన ఎట్ల చేసేదమ్మా అని ఆయన నవ్వితే, అత్తమ్మ ఊరుకోలేదు.

"కొన్నంక చెప్తే దేవుడు మాత్రం ఏం జేస్తడయ్యగారూ? కొనకముందే చెప్పాలె. ఎట్లున్నదో ఆయననే చూడమనాలె."

అలా బండి ముక్కు చర్చి గోడకేసి దిగింది.

మా చర్చి రోడ్డు కన్నా పల్లంలో ఉంటుంది. గేటు నుంచి గోడదాకా బాగా ఏటవాలుగా జారే దారి. తెలిసినవాళ్లెవరైనా బండిని వెనక్కి దింపుకుంటారు, బరువెక్కాక ముందుకు లాగించుకోవచ్చని. ప్రార్థనకైతే ముక్కు ఇటే ఉండాలి, అయ్యాక ఆవరణలో తిప్పుకుంటారు. ఈ రోజు ఆ తిప్పుకునే చోటంతా భోజనాల షామియానా వేశారు. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ప్రార్థన అయింది, ఆమెన్ అయింది, వేలం అయింది. తలా ఒక చెయ్యి వేసి బియ్యం బస్తాలు, జొన్నలు, గుమ్మడికాయలు తొట్టి నిండా ఎక్కించేశారు. అందరూ చేతులు దులుపుకున్నాక, మొదట నోరు తెరిచింది పాటల బృందం కృపాజ్యోతక్క.

"ఇప్పుడు ఇది బయటికెట్ల పోతది?"

ముందు గోడ. పక్కన షామియానా తాళ్లు. వెనక ఎత్తు, ఆ ఎత్తు చివర రెండు గేటు స్తంభాలు. రివర్స్‌లో ఎక్కాల్సిందే.

జయ్ ఎక్కి కూర్చున్నాడు. క్లచ్ తొక్కి గేరును రివర్స్‌లోకి తోశాడు. పళ్లు కొరికినట్టు కరకరమంది. పడలేదు. మళ్లీ తోశాడు. మళ్లీ కరకర. జనమంతా చుట్టూ చేరి తలా ఒక సలహా చెబుతున్నారు. మూడోసారి ఎలాగో పడింది. క్లచ్ వదిలేసరికి బరువుకి ఇంజన్ ఆగిపోయి, బండి వెనక్కి పోవడానికి బదులు ముందుకి ఒక జానెడు జారింది. ఎవరో పరుగెత్తి టైరు ముందు రాయి వేశారు. బానెట్‌కి గోడకి మధ్య ఇప్పుడు నా అరచెయ్యి పట్టదు. ఆ గోడ ఈ మధ్యనే కట్టుకున్నారు, ఇంటికి కొన్ని ఇటుకలు మోసి. దాని మీద సండే స్కూల్ పిల్లలు వేసిన పావురం బొమ్మ రంగు ఇంకా కొత్తగానే ఉంది.

"ఆమెన్ గట్టిగ అన్నం గదా, బండి ఆడనే అతుక్కున్నది" అంది కృపాజ్యోతక్క. కొందరు నవ్వారు. జయ్ నవ్వలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంకొకసారి జారితే గోడ పోతుందని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

మామయ్య ముందుకొచ్చారు.

"చాలు, దిగు. బరువు దింపుండ్రి. గేరు పడని బండి మనకొద్దు."

ఆయన గొంతులో కోపం లేదు. బరువు దించుకున్నవాడి ఊపిరిలా ఉంది. బస్తాలు దించితే ఖాళీ బండి ఎలాగో పైకి వచ్చేస్తుంది. కానీ పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. రేపు సోమవారం. చామంతి చేలో ఊయలలు. జయ్ నా వైపు చూశాడు. నా దగ్గర ఏ వీడియో చదువూ మిగల్లేదు.

అప్పుడు అత్తమ్మ షామియానా కింద నుంచి వచ్చింది. షర్బత్ కోసం నిమ్మకాయలు కోయబోతూ మధ్యలో వచ్చినట్టుంది. సంచీ తెచ్చి మామయ్య చేతికిచ్చింది. ఆయన ఎందుకని అడగకుండా పట్టుకున్నారు.

"జయా, దిగు బిడ్డా."

"అవ్వా, నువ్వేం జేస్తవు?"

"దిగమన్న గదా."

జయ్ దిగాడు. ఎందుకు దిగాడో అతనికీ తెలియదనుకుంటాను. అమ్మ అలా అంటే దిగే కాళ్లు అవి. అత్తమ్మ కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని, పట్టీ పట్టుకుని, ఒక్క ఊపులో సీట్లోకి ఎక్కింది. చెప్పులు కిందే వదిలేసింది. సీటు ముందుకి లాక్కుంది. ఆ మీట ఎక్కడుందో వెతుక్కోలేదు.

"తన్వీ, ఇటు ఎక్కు. చూస్కుంట కూసో."

నేను చుట్టూ తిరిగి పక్క సీట్లో ఎక్కాను. వేలంలో అమ్ముడుపోయిన కోడి ఒకటి ఎక్కడో అరుస్తోంది.

"ఇను బిడ్డా" అంది అత్తమ్మ నాకొక్కదానికే వినబడేలా. కూరలో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చెప్పే గొంతే. "క్లచ్ మొత్తం తొక్కాలె, సగం గాదు. సీదా రివర్స్ కొడితే ఒర్లుతది. లోపల తిరిగేది ఇంక ఆగలేదన్నట్టు. గందుకే ముందుగాల రెండో గేరు. ఆగిందా? గిప్పుడు రివర్స్."

గేరు కర్ర రెండులోకి వెళ్లి, అక్కడ ఊపిరి పీల్చినంత సేపు ఆగి, వెనక్కి వచ్చి రివర్స్‌లోకి దిగింది. చప్పుడే లేదు. వెన్నలో చెంచా దిగినట్టు.

"హ్యాండ్‌బ్రేక్ గిట్లనే ఉండనీ. రేసు పెంచు. క్లచ్ మెల్లగ విడువు. బండి గుంజుతది, తెలుస్తదా కాళ్ల కింద? గిప్పుడు బ్రేక్ విడువు."

తెలిసింది. నా అరికాళ్ల కింద ఆ బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. గోడ మీది పావురం మెల్లగా మా నుంచి దూరంగా జరిగింది. అత్తమ్మ ఒక కన్ను సైడు అద్దంలో, ఒక చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి, ఆ బరువంతా వెనక్కి, పైకి, రెండు స్తంభాల మధ్య నుంచి ఒక్కసారి కూడా ఆగకుండా రోడ్డెక్కించింది. రోడ్డు మీద నిలబెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చూశాను ఆమె ముఖం. పెళ్లిలో నన్ను మొదటిసారి దగ్గరికి తీసుకున్నప్పటి ముఖం.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. ఒక్కదాన్నే. తర్వాత కింద నుంచి కృపాజ్యోతక్క అందుకుంది. ఆ తర్వాత అందరూ.

జయ్ పరుగెత్తుకుంటూ పైకి వచ్చి కిటికీ పట్టుకున్నాడు. "అవ్వా, నీకు బండి నడుప వచ్చునా?"

అత్తమ్మ నవ్వింది. "మా నాయన మిషన్ దవాఖాన జీపు నడుపుతుండె. నా పెండ్లికి ముందే నేర్పిండు."

"మరి నాకెప్పుడు చెప్పలే?"

ఆ జవాబు వెనకే వచ్చిన అనంతయ్య చెప్పాడు. తన బండిని తానే మెచ్చుకుంటున్నట్టు తొట్టి మీద చరిచి, ఇక దాచి లాభం లేదన్నట్టు చెప్పుకొచ్చాడు. జయ్ సిటీలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్న ఏడు, సరిగ్గా దసరా ముందర మామయ్యకి డెంగీ వచ్చి మంచం పట్టారట. బతుకమ్మ పూలకి అదే కాలం. అప్పుడు అత్తమ్మ చేవెళ్ల పోయి ఈ బండినే కిరాయికి తీసుకుందట. అప్పుడిది నీలం రంగు. పండుగ అయ్యేదాకా పూలన్నీ ఆమే తోలిందట. మామయ్య కోలుకున్నాక ఆయన పక్క సీట్లో కూర్చుని వెళ్లేవారట.

"మార్కెట్ల మంది నోళ్లు ఊకుంటయా బిడ్డా? మారయ్యా, డ్రైవరమ్మకు జీతమెంతిస్తున్నవు అని ఒకడు. పక్కన కూసుండుడు నేర్పిందా అని ఇంకొకడు. ఒకనాడు మార్కెట్ కెళ్లి వచ్చినంక మారన్న తాళం నా చేతుల వెట్టిండు. గంతే."

జయ్ నా వైపు చూశాడు. ఫోటో చూసి రంగు మార్చిన బండి అని మామయ్య ఎలా చెప్పగలిగారో నాకిప్పుడు అర్థమైంది. తొట్టి మూలల్లో నేను తాళంచెవితో పొడిచిన తుప్పు మా చామంతి నీళ్లదే. ఆ తలుపు పిడిని పైకి లేపి లాగాలని అత్తమ్మ చేతికి ఎందుకు గుర్తుందో కూడా.

మామయ్య ఇంకా కిందే ఉన్నారు. బండి ఇందాక ఉన్న చోట, గోడ ముందు. అత్తమ్మ సంచీ చేతిలోనే ఉంది. అది ఒకవైపు వాలి ఒక నిమ్మకాయ జారి కింద పడితే, వంగి తీసి మళ్లీ సంచీలో వేశారు. ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆయన తల ఎత్తి బండినే చూస్తూ అన్నారు.

"బండి మంచిదే. నేను కాదంటలేను. కని ఇది మనకొద్దు పద్మా."

నేను ఏదో అనబోయాను, కానీ అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. కిటికీలోంచి తల బయటికి పెట్టింది. గొంతు పెంచలేదు. పల్లంలో ఉన్నవాళ్లకు రోడ్డు మీది మాట మామూలుగానే వినబడుతుంది.

"నువ్వు వద్దన్నవు, నేను మానేసిన. ఎందుకని ఒక్కనాడన్న అడిగిన్నా?"

మామయ్య అడ్డంగా తల ఊపారు.

"మందికి నువ్వు భయపడ్డవు. నీ భయం జూసి నేను భయపడ్డ. అయిపోయింది గది. ఇప్పుడు మొగ్గ పడ్డది. కోడలికి గేర్లు నేర్పాలె. అది నేర్చుకునేదాంక నేను తోల్త. బండి కావాల్నా వద్దా అని నిన్నడుగుతలేను. అనంతన్నతోని నేను మాట్లాడుకుంట."

ఆమె నా వైపు తిరిగి, నువ్వు వెనక సీట్లకు పో బిడ్డా అంది. నేను దిగాను. తలుపు తెరిచే ఉంచమంది. వెనక తలుపు పిడిని పైకి లేపి లాగి, లోపల కూర్చున్నాను. జయ్ వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. ముందు, అత్తమ్మ పక్కన, ఖాళీ సీటు. దాని తలుపు రోడ్డు మీదికి బార్లా తెరిచి ఉంది.

"ఒక్కటే అడుగుతున్న" అంది అత్తమ్మ. "గీ ఇంటింటికి సరుకు ఎయ్యాలె. ఊరంత తిరగాలె, అందరు చూస్తరు. పక్క సీట్ల కూసుంటవా, కూసోవా? గదొక్కటి చెప్పు."

ఆమె రెండో గేరు వేసింది. తీసి, మొదటి గేరులో పెట్టి, క్లచ్ తొక్కిపట్టి కూర్చుంది. ఇంజన్ నెమ్మదిగా కొట్టుకుంటోంది.

మామయ్య సంచీ పట్టీని భుజానికి తగిలించుకున్నారు. చర్చి గోడను ఒకసారి తడిమి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టారు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆయన ముఖంలో ఏముందో నాకు కనబడలేదు, ఎండ ఆయన వెనక నుంచి పడుతోంది.

ఇంటికి నడిచి పోవాలన్నా, తెరిచి ఉన్న ఆ తలుపు దగ్గరికి రావాలన్నా, గేటుదాకా దారి ఒక్కటే.